ఈతకొలను వాసన

బెంగుళూరులో మా పేటకు కొంతదూరంలో ఒక ఈతకొలను ఉన్నది. పేరు చెప్పము, చెప్పినందువలన ఒరిగేదీ లేదు. పైకప్పు వేసిన కట్టడం, నీలం పలకలు, తేటనీళ్ళు. గుమ్మంలో అడుగు పెట్టగానే ఘాటువాసన ముక్కుకు తగులుతుంది. క్లోరిన్ బాగా కలిపారు, నీళ్ళు శుభ్రంగా ఉన్నవన్నమాట, అనుకొని సంతోషించాము.

వేసవి సెలవులలో మా అమ్మాయిని అక్కడ చేర్చాము. పన్నెండేళ్ళది. మూడు తరాలుగా ఈ ఊళ్ళో ఉన్నాము గాని మా ఇంట ఈత వచ్చినవారు లేరు. యానాంలో గోదావరి ఈదిన తాతగారే చివరివారు. కనుక పిల్లకు తోడుగా, నలభై దాటిన వయసులో, మేమూ దిగాము.

వారం తిరగకుండానే ఇద్దరికీ తుమ్ములు. సాయంత్రానికి ముక్కు దిబ్బడ, కనుబొమల నడుమ బరువు, కళ్ళ దురద. ఆఫీసులో ఫైలు మీదికి వంగితే చాలు, ముక్కు కారేది. అమ్మ చలి అన్నది. పక్కింటి కన్నడపావిడ అలర్జీ అన్నది, మాన్పించమన్నది. పిల్ల అప్పటికే కొలను అడ్డంగా ఈదుతున్నది. మానమంటే ఆ పూట కంచం ముట్టలేదు.

ఇంతలో యానాం ప్రయాణం వచ్చింది. శేషాద్రి ఎక్స్‌ప్రెస్సులో కాకినాడ, అక్కడినుంచి బస్సు. రైల్లో ఉండగానే తుమ్ములు తగ్గాయి. మూడోనాటికి ముక్కు సంగతే మరచాము. 1954 దాకా ఫ్రెంచివారి ఏలుబడిలో ఉండిన ఆ చిన్న ఊరి రేవున నిలబడితే, గౌతమి వెడల్పు చూచి మాట రాదు. సముద్రం దగ్గర గనుక పోటువేళ నీళ్ళు ఉప్పన. మేనమామ చెయ్యి పట్టుకొని పిల్ల గట్టు దగ్గరే మునిగింది. ముక్కులోకి నీళ్ళు పోయినా ఒక్క తుమ్ము లేదు. నదినీరు కొలనునీటికన్న శుభ్రమని కాదు సుమా.

తిరిగి వచ్చి ముక్కు, చెవి, గొంతు డాక్టరుగారికి చూపించాము. ఆయన మొదట అడిగినది, "స్నానం చేసి దిగుతున్నారా?" అని. తలలు వంచుకొన్నాము. స్కూటరు దిగి చెమటతోనే దూకేవాళ్ళము.

ఆయన చెప్పినది ఇది. చెమటతోను, మూత్రంతోను కలిసి క్లోరిన్ క్లోరమైన్లు అవుతుంది. ఆ ఘాటువాసన వాటిదే, శుభ్రతది కాదు. వాటిలో ఒకటి గాలిలోకి లేచి, సరిగ్గా ఈతగాడు ఊపిరి తీసే చోట, నీటిమీద నిలుస్తుంది. కప్పు ఉండి గాలి ఆడకపోతే మరీ పేరుకొంటుంది. చాలామందికి ఇది నిజమైన అలర్జీ కాదు, ముక్కుపొర మండటమే. దుమ్ము పడనివారికి, ఉబ్బసం ఉన్నవారికి బాధ హెచ్చు. పిల్లికూతలు వచ్చినా, ఆయాసపడినా ఆలస్యం చేయవద్దన్నారు. మా ముక్కులను మండించినది కొంత మా చెమటే! ఇంతకన్న సిగ్గుచేటు మరొకటి లేదు.

దిగేముందు ఒక నిమిషమైనా ఒళ్ళు కడుక్కోవటం, ముక్కుకు క్లిప్పు, వచ్చాక కాచి చల్లార్చిన ఉప్పునీటితో ముక్కు కడగటం, వీలైతే కప్పులేని కొలను: ఇవే ఆయన చెప్పిన చికిత్స.

ఇప్పుడు దూరమైనా కప్పులేని కొలనుకే పోతున్నాము. ఉదయం ఆరింటికి నీళ్ళు ఎముకలు కొరుకుతాయి. ఎప్పుడైనా ఒకటి రెండు తుమ్ములు తప్ప బాధ లేదు. ముక్కుకు క్లిప్పు పెట్టుకొన్న మనుమరాలిని చూచి అమ్మ నవ్వు ఆపుకోలేకపోయింది. ఆ పిల్ల మాత్రం గట్టున నిలబడి, వచ్చే ప్రతి పెద్దమనిషినీ "స్నాన మాడిద్రా?" అని అడుగుతున్నది. నిన్న ఒకాయన కళ్ళెర్రజేశాడు. అయినా వెనక్కు పోయి కుళాయి తిప్పాడు.