టేపు పారేయకండి బాబూ!

వీడియో కన్వర్షన్ అంటే మన సాఫ్టువేరు జనాలకి ఒక క్యూ, నాలుగు వర్కర్లు, మధ్యలో ఒక ఎఫ్ఎఫ్ఎంపెగ్ కమాండు. ఫైలు అప్‌లోడ్ అయిందా, ఎంపీ4 వచ్చిందా, ప్లేయర్లో ఆడిందా, టికెట్ క్లోజ్! ఉద్యోగంలో నేను చేసేదీ దాదాపు ఇదే. కానీ "ఆడిందా" అన్న ఒక్క ప్రశ్న సరిపోదని నా అభిప్రాయం. ఎందుకో చెప్తాను.

మా పెదనాన్నగారూ, ఆయన స్నేహితులూ లక్డీకాపూల్ చుట్టుపక్కల ఆఫీసుల్లో పనిచేసేవారు. సాయంత్రాలు పద్యనాటకాల రిహార్సల్సు. నాటకం వేసేది నడిచివెళ్లేంత దూరంలో ఉన్న రవీంద్రభారతిలో. 2003 నుంచి 2006 దాకా వేసినవన్నీ మినీడీవీ క్యామెరాతో తీయించారు, మొత్తం 11 టేపులు. 2007లో ఒక వెబ్‌సైటు వాళ్లు నెట్‌లో పెడతామని పట్టుకెళ్లారు. పెట్టారు కూడా, ఆ మాట ఒప్పుకోవాలి. ఆ తరవాత "ఎలాగూ కన్వర్ట్ చేసేశాం కదా" అని వాటిలో 8 టేపుల మీద వేరే ప్రోగ్రాములు రికార్డు చేసుకున్నారు. మాకు తిరిగొచ్చినవి 3.

ఇప్పుడు లెక్క చూడండి. మన పాల్ పద్ధతి మినీడీవీ అంటే 720×576 పిక్సెళ్లు, సెకనుకి 25 మెగాబిట్లు, గంటకి సుమారు 13 జీబీ. వాళ్లు చేసిన ఎఫ్ఎల్‌వీ 320×240, సెకనుకి 300 కిలోబిట్లు, గంటకి 135 ఎంబీ. దాదాపు నూరో వంతు! దీనికి వాళ్లని తప్పుపట్టను. 2004 నాటి పాలసీ ప్రకారం మన దేశంలో 256 కేబీపీఎస్ వస్తే అదే బ్రాడ్‌బ్యాండు. ఫ్లాష్ ప్లేయర్‌కి హెచ్.264 వచ్చిందే 2007 డిసెంబర్లో. అప్పటికి అది సరైన కన్వర్షనే.

కానీ పోయిందేమిటో చూడండి. మినీడీవీలో ఒక్కో ఫ్రేములో రెండు ఫీల్డులుంటాయి, సరి గీతలు ఒకటి, బేసి గీతలు ఒకటి, మధ్య తేడా సెకనులో 50వ వంతు. 240 గీతలకి కుదించేటప్పుడు ఒక ఫీల్డు తీసి పారేశారు. అంటే కదలికలో సగం పోయింది. శబ్దం 22 కిలోహెర్ట్జ్ మోనో ఎంపీ3, కాబట్టి 11 కిలోహెర్ట్జ్ పైన ఏమీ లేదు. పద్యం చివర రాగం తీస్తుంటే హార్మోనియమేదో గొంతేదో తెలియదు, నీళ్లలోంచి వినిపించినట్టుంటుంది.

మిగిలిన 3 టేపుల్ని మొన్న నేనే కన్వర్ట్ చేశాను. ఫీల్డులు విడదీసి సెకనుకి 50 ఫ్రేములు చేస్తే, గద తిప్పడం కూడా స్పష్టంగా కనిపిస్తోంది. ఎఫ్ఎల్‌వీలతో అది కుదరదు. ఫ్లాష్ 2020 డిసెంబర్ 31తో ఆగిపోయింది కాబట్టి వాటిని మళ్లీ ఎంపీ4 చెయ్యాల్సి వచ్చింది. జిరాక్సుకి జిరాక్సన్నమాట.

తిరుపతి వెంకటకవుల పాండవోద్యోగ విజయాల్లో పెదనాన్న కృష్ణుడు. ఆ రాయబారం పోయిన 8 టేపుల్లో ఉంది. ఆయన 2019లో పోయారు. పెద్దమ్మ ఫోన్లో ఆ 320×240 బొమ్మే చూస్తుంది. "కళ్లు కనపడవురా, కిరీటమే కనపడుతుంది" అంటుంది. ఏఐతో పెద్దది చెయ్యొచ్చుగా అని ఒక స్నేహితుడన్నాడు. చేసి చూశాను. కళ్లు వచ్చాయి, కానీ అవి పెదనాన్నవి కావు. పెద్దమ్మకి చూపించలేదు.

అందుకే నేననేది, వెబ్ కోసం చేసిన ఫైలు వాడి పారేసే విస్తరాకు లాంటిది. నిన్న ఎఫ్ఎల్‌వీ, ఇవాళ మూడు నాలుగు సైజుల్లో ముక్కలు చేసిన హెచ్ఎల్ఎస్, రేపు ఇంకోటి. ఒరిజినల్ ఉంటే ఎన్నిసార్లయినా వడ్డించుకోవచ్చు. మీరు రాసే పైప్‌లైన్లో కన్వర్షన్ అవ్వగానే సోర్సు ఫైలు డిలీట్ చేసే లైనుంటే, ఒక్క నిమిషం ఆగి, ఆ ఫైలు ఇంకెక్కడైనా ఉందో లేదో కనుక్కోండి. మా 11 టేపులూ కలిపి 143 జీబీ దాటవు. ఇవాళ అది అసలొక ఖర్చా?

మీ ఇంట్లో అటక మీద మినీడీవీలుంటే ఇప్పుడే దించండి. టేపు పాడవ్వకపోయినా, దాన్ని ఆడించే క్యామెరాలూ, ఫైర్‌వైర్ ఉన్న కంప్యూటర్లూ ఏటేటా తగ్గిపోతున్నాయి. కాపీ అయ్యాక కూడా టేపు మాత్రం పారేయకండి. ఏమంటారు?