వాపు వేరు, బలుపు వేరు

వాపును చూసి బలుపు అనుకోవద్దని మన పెద్దలు చెబుతారు. ఒళ్ళు తగ్గించుకోవాలని తూకం యంత్రం ఎక్కే ప్రతివారూ ఈ మాట గుర్తుంచుకోవడం మంచిది. యంత్రం చూపించే అంకెలో కొవ్వు ఉంటుంది, కండ ఉంటుంది, ఎముక ఉంటుంది. అన్నిటికంటె ఎక్కువగా నీరు ఉంటుంది. పెద్దవాళ్ళ శరీరంలో దాదాపు సగం, అంతకు మించి కూడా నీరే. కొవ్వు నెలల తరబడి పేరుకుంటుంది, నెలల తరబడి కరుగుతుంది. నీరు మాత్రం రాత్రికి రాత్రి వచ్చి చేరుతుంది, రాత్రికి రాత్రి పోతుంది. ఈ రెంటికీ తేడా యంత్రానికి తెలియదు. మనమే తెలుసుకోవాలి.

ఇది తెలియకపోతే ఎంత ప్రమాదమో మా ఇంట్లోనే చూశాను. మా అక్కది గుడివాడ. మోకాళ్ళ నొప్పులకు చూపించుకోవడానికి విజయవాడలో మా ఇంటికి వచ్చింది. బరువు తగ్గితేనే మోకాళ్ళు నిలబడతాయని డాక్టరు గారు చెప్పారు. అక్క పట్టుదల గల మనిషి. మరునాటినుండే అన్నం సగం చేసింది. రాత్రిపూట రెండు రొట్టెలతో సరిపెట్టుకుంది. తెల్లవారుజామున బందరు కాలువ గట్టున నడక మొదలుపెట్టింది. నీళ్ళు త్రాగినా తనకు ఒళ్ళు వస్తుందని ఎవరో చెప్పారట, అందుకని నీళ్ళు కూడా రోజుకు నాలుగు గ్లాసులకు తగ్గించింది. రెండు వారాలు గడిచాయి. యంత్రం ఎక్కితే బరువు తగ్గకపోగా అరకిలో పెరిగింది.

ఆ సాయంత్రం అక్క అమ్మ మందుల పెట్టె తెరిచి కూర్చుంది. అమ్మ నా దగ్గరే ఉంటుంది. ఆమెకు గుండె బలహీనత. ఒంట్లో నీరు చేరకుండా డాక్టరు గారు నీరు తీసే మాత్రలు ఇచ్చారు.

"ఏమే, ఇవి నీరు లాగే మాత్రలేగా? నాలుగు రోజులు రెండేసి వేసుకుంటే ఈ ఒళ్ళు దిగదూ?" అంది.

నేను పెట్టె అందుకున్నాను. మంచం మీదనుండి అమ్మ, "వద్దు తల్లీ, ఆ మాత్ర వేసుకున్నరోజు నాకే కాళ్ళు తేలిపోతాయి. నీకెందుకు?" అంది. అక్క కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "కడుపు మాడ్చుకున్నదంతా వృథాయేనా?" అని అడిగింది.

వృథా కాలేదు. మరునాడు అమ్మను చూసే డాక్టరు గారి దగ్గరకే అక్కను తీసుకువెళ్ళాము. ఆయన ఓపికగా లెక్క వేసి చూపించారు. ఒక కిలో కొవ్వు కరగాలంటే సుమారు 7,700 కేలరీలు ఖర్చు కావాలి. రోజుకు 500 కేలరీలు తక్కువ తింటే రెండు వారాలకు 7,000. అంటే అక్కకు ముప్పాతిక కిలోకు పైగా కొవ్వు కరిగే ఉండాలి. కరిగిన దానికంటె ఎక్కువ నీరు ఒంట్లో నిలిచింది గనుక యంత్రం దాన్ని దాచిపెట్టింది.

నీరు ఎందుకు నిలిచింది? ఆయన అడిగిన మొదటి ప్రశ్న, "రొట్టెల్లోకి ఏం నంజుకుంటున్నారమ్మా?" అని. కూర తగ్గించిన అక్క ఆవకాయ, మాగాయ పెంచింది. మధ్యాహ్నం అన్నం తక్కువైన వెలితి తీరడానికి ఉప్పుచేప, ఊరమిరపకాయలు. మజ్జిగలో మళ్ళీ ఉప్పు. ఆసుపత్రిలో ఎక్కించే సెలైన్ సీసా చూశారు కదా, అందులో లీటరు నీటికి 9 గ్రాముల ఉప్పు ఉంటుంది. మన ఒంట్లో రక్తం కూడా దాదాపు అదే ఉప్పదనంలో ఉండాలని శరీరం పట్టుబడుతుంది. అందుచేత ఒంట్లో నిలిచిపోయే ప్రతి 9 గ్రాముల అదనపు ఉప్పుకూ ఒక లీటరు నీరు, అంటే ఒక కిలో బరువు, తోడుగా నిలుస్తుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ రోజుకు 5 గ్రాములకు లోపు ఉప్పు చాలునంటుంది. అది ఒక టీ చెంచా. పచ్చడి, పప్పు, చారు, అప్పడం అన్నిటిలోనిదీ కలిపి ఒక చెంచా. మన కృష్ణా జిల్లా భోజనాల్లో అది మొదటి వాయిలోనే దాటిపోతుంది.

రెండవ కారణం నడక. అలవాటు లేని కండరాలకు కొత్తగా పని చెబితే అవి లోపల కొద్దిగా దెబ్బ తిని, బాగుపడేదాకా నీటిని పట్టి ఉంచుతాయి. కొన్ని రోజుల్లో అది సర్దుకుంటుంది. వయసులో ఉన్న స్త్రీలకైతే నెలసరికి ముందు కూడా ఒకటి, రెండు కిలోల నీరు చేరి తరువాత పోతుంది. ఆ వారంలో తూకం చూసి దిగులుపడడం అనవసరం.

మూడవది నీళ్ళు మానడం. నీళ్ళు మానితే ఒంట్లో నీరు తగ్గుతుందని చాలామంది అనుకుంటారు. నీరు తక్కువైందని మెదడుకు తెలియగానే అది ఒక హార్మోనును రక్తంలోకి వదులుతుంది. దానితో మూత్రపిండాలు నీటిని పొదుపు చేస్తాయి. మూత్రం చిక్కబడుతుంది, కొద్దిగానే వస్తుంది. తిన్న ఉప్పును బయటికి మోసుకుపోయే నీరు తక్కువవుతుంది. అక్క చేసింది సరిగ్గా ఇదే: ఉప్పు పెంచి నీళ్ళు తగ్గించింది.

ఆహారం తగ్గినప్పుడు శరీరంలో నీరు నిలవడం కొత్త సంగతి కాదు. రెండవ ప్రపంచయుద్ధం చివరిలో, 1944-45లో, అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో డాక్టర్ ఏన్సెల్ కీస్ 36 మంది యువకులను సగం ఆకలితో ఆరు నెలలు ఉంచి పరీక్షించారు. వారంతా మనస్సాక్షిని బట్టి ఆయుధం పట్టమన్నవారు. వారిలో చాలామంది బ్రదరన్, మెన్నొనైట్, క్వేకర్ సంఘాలవారు. యుద్ధంలో ఆకలికి నకనకలాడుతున్న ప్రజలను ఎలా తిరిగి కోలుకునేలా చేయాలో తెలుసుకోవడానికి తమ శరీరాలను అప్పగించారు. వారి బరువు నాలుగవ వంతు తగ్గింది. ఎముకలు బయటపడిన ఆ మనుష్యులకే చీలమండల దగ్గర, ముఖాన నీరు చేరి ఉబ్బింది. లోపల కొవ్వు, కండ కరిగిపోతున్నా నీరు ఆ నష్టాన్ని కొంత కప్పిపెట్టింది. సగం అన్నం మానినవారికి అంత రాదు గాని, అంకె మోసం చేయగలదని ఆ పరీక్ష చూపింది.

ఇప్పుడు దీనికి ఎదురుగా ఉన్న మోసం కూడా చెప్పాలి. విజయవాడ వారికి నీళ్ళ గురించి చెప్పేవారు కరువు కాదు. ఉండవల్లి కరకట్ట దగ్గర ఆశ్రమం నడిపే డాక్టర్ మంతెన సత్యనారాయణరాజు గారు ఉప్పు లేని వంట, పరగడుపున నీళ్ళు అనే మాటలను తెలుగువారి ఇంటింటికీ చేర్చారు. 2017, 2018 ప్రాంతంలో వీరమాచనేని రామకృష్ణ గారి పద్ధతి ఊరంతా మారుమ్రోగింది. అన్నం మాని, కొబ్బరినూనె వంటి కొవ్వు తీసుకుని, రోజుకు నాలుగు లీటర్ల నీరు, మూడు నిమ్మకాయలు. మేలు జరిగిందని చెప్పినవారు ఉన్నారు, అభ్యంతరం చెప్పిన వైద్యులూ ఉన్నారు. ఆ వాదంలోకి నేను పోను. ఏ పద్ధతిలోనైనా అన్నం, రొట్టె పూర్తిగా మానిన మొదటి వారంలోనే మూడు కిలోలు తగ్గామని సంతోషించేవారికి మాత్రం ఒక మాట.

మనం తిన్న అన్నంలో కొంత భాగాన్ని శరీరం గ్లైకోజెన్ అనే రూపంలో కాలేయంలోనూ కండరాల్లోనూ నిలవ చేస్తుంది. అది పెద్దవాళ్ళలో సుమారు అరకిలో. ఒక్కొక్క గ్రాము తనతో సుమారు మూడు గ్రాముల నీటిని ఉంచుకుంటుంది. అన్నం మానగానే ఆ నిలవ ఖర్చయి, దాని నీరు బయటికి పోతుంది. ఉప్పు కూడా కొంత పోతుంది. మొదటివారం తగ్గిన బరువులో ఎక్కువ భాగం ఇదే. మళ్ళీ క్రిస్మస్‌కో సంక్రాంతికో రెండు రోజులు కడుపారా భోంచేస్తే ఆ నీరంతా తిరిగి వస్తుంది. "రెండు రోజుల్లో కిలోన్నర కొవ్వు పట్టేసింది, ఇక నా వల్ల కాదు" అని అక్కడితో మానేస్తారు. కిలోన్నర కొవ్వు పట్టాలంటే మామూలు తిండికి పైన పదకొండు వేలకు మించిన కేలరీలు తినాలి. ఏ పెండ్లి విందూ అంత పెట్టదు!

మరి నీళ్ళు త్రాగితే బరువు తగ్గుతుందా? నీరు కొవ్వును కడిగివేయదు. కాని 2010లో అమెరికాలోని వర్జీనియా టెక్‌లో నడివయసు దాటినవారి మీద చేసిన పరిశీలనలో, తక్కువ కేలరీల ఆహారంతోపాటు ప్రతి భోజనానికి ముందు అరలీటరు నీరు త్రాగినవారు, త్రాగనివారికంటె 12 వారాల్లో సుమారు రెండు కిలోలు ఎక్కువ తగ్గారు. కడుపు కొంత నిండి అన్నం తగ్గడమే కారణం కావచ్చు. చక్కెర వేసిన టీ, కూల్‌డ్రింకు స్థానంలో నీళ్ళు వస్తే అదీ లాభమే.

అయితే అందరికీ ఒకే కొలత లేదు. ఇది మా ఇంట్లో ఒకే వంటింట్లో కనిపించింది. అక్కకు డాక్టరు గారు, "దాహం చూసుకుని, మూత్రం లేత నిమ్మరంగులో ఉండేలా రోజంతా కొంచెం కొంచెంగా త్రాగండి, ఎండాకాలంలో ఇంకా ఎక్కువ" అన్నారు. అమ్మకు మాత్రం రోజుకు లీటరున్నర, చారు, మజ్జిగ, కాఫీ అన్నీ కలుపుకుని. మేము ఆమె నీటిని ఒక సీసాలో ముందే పోసి ఉంచుతాము.

డెల్టా రైతు బిడ్డలకు ఇది సులభంగా అర్థమవుతుంది. చేనుకు కాలువ ఎంత అవసరమో మురుగు డ్రెయినూ అంతే అవసరం. డ్రెయిను బాగుంటే కాలువ నీరు పంటకు మేలు చేస్తుంది. డ్రెయిను పూడితే అదే నీరు చేను ముంచుతుంది. గుండె బలహీనమైనవారికి, మూత్రపిండాల జబ్బు ఉన్నవారికి డ్రెయిను పూడినట్లే. ఎన్.టి.ఆర్. జిల్లా ఎ.కొండూరు మండలం తండాల్లో ఎందరో మూత్రపిండాల జబ్బుతో బాధపడుతున్నారు. అటువంటివారికి నాలుగు లీటర్ల సలహా ఇవ్వడం ప్రాణాలతో ఆడుకోవడమే. ఆరోగ్యవంతుల మూత్రపిండాలు కూడా గంటకు సుమారు ఒక లీటరుకు మించి బయటికి పంపలేవు. పందెం వేసినట్లు గడగడ త్రాగితే రక్తంలో సోడియం పలచబడి తలనొప్పి, వాంతులు, చివరికి మూర్ఛ రావచ్చు.

లూకా సువార్త 14వ అధ్యాయంలో ప్రభువు స్వస్థపరచిన జలోదర రోగి గుర్తున్నాడు కదా. నాలుగు సువార్తలలో ఆ సంగతి వ్రాసినది వైద్యుడైన లూకా ఒక్కడే. నీరు చేరడం రోగమేనని వైద్యుని కన్ను గుర్తించింది. మనమూ గుర్తించాలి. మడమ పైన ఎముక మీద బొటనవ్రేలితో నొక్కి చూడండి. గుంట పడి అలాగే నిలిస్తే, లేచేసరికి కళ్ళ చుట్టూ ఉబ్బితే, పడుకుంటే ఆయాసం వస్తే, మూడు రోజుల్లో రెండు కిలోలు పెరిగితే అది ఆవకాయ పని అనుకోవద్దు. వెంటనే డాక్టరుకు చూపించండి. ఇంట్లో ఎవరికో ఇచ్చిన నీటి మాత్రలు మాత్రం ముట్టవద్దు. అవి కొవ్వును రవ్వంత కూడా తీయవు. నీటితోపాటు పొటాషియంను తీసుకుపోయి గుండె లయను తప్పిస్తాయి.

అక్క పచ్చళ్ళు, ఉప్పుచేప తగ్గించి, నీళ్ళు సరిగా త్రాగి, నడక మానకుండా సాగింది. పదవ రోజున యంత్రం రెండు కిలోలు తక్కువ చూపింది. "నీరు పోయిందిలే, కొవ్వు సంగతి నెల తరువాత చూద్దాం" అని తనే నవ్వింది. ఆరు నెలలకు ఏడు కిలోలు తగ్గింది. ఇప్పుడు గుడి మెట్లు పట్టుకోకుండా ఎక్కుతోంది.

ప్రియ సోదరీ, బరువు తగ్గాలనుకుంటే వారానికి ఒక్కసారి, ఒకే రోజున, ఉదయం పరగడుపున తూచుకో. నాలుగు వారాల అంకెలు ప్రక్కప్రక్కన వ్రాసి చూడు. నడుము కొలత కూడా వ్రాసుకో, ఎందుకంటే రవిక వదులైనప్పుడు యంత్రం ఏమన్నా భయం లేదు. గుండె జబ్బు ఉన్న పెద్దలు ఇంట్లో ఉంటే వారిని మాత్రం డాక్టరు చెప్పినట్లు రోజూ తూచు. ఎవరికి ఎన్ని నీళ్ళో వాళ్ళ ఒంటిని చూసిన డాక్టరునే అడుగు. ఒకే కుండలోని నీళ్ళే, కాని త్రాగేవాళ్ళ కొలత ఎవరిది వారిదే.