అడవి అంచున మజిలీ

యాత్రకు బయలుదేరునపుడు చేరవలసిన క్షేత్రమును గూర్చి ఇంటిల్లిపాదియు ఆలోచింతురు. నడుమ రాత్రి ఎక్కడ నిలువవలెనను మాట మాత్రము బండి నడుపువారికి విడిచిపెట్టుట మన యిండ్లలో వాడుక. ఆ నిలిచినచోట పొయ్యి వెలిగించి, పిల్లలకు అన్నము పెట్టి, ముసలివారికి మందులిచ్చి పండుకొనబెట్టవలసినది స్త్రీ. కాబట్టి మజిలీని ఏర్పరచుట గృహిణి పనియే యని నేననుకొందును. ఇటీవల మేము చేసిన శ్రీశైలయాత్రలో నాకీ సంగతి మరింత రూఢియైనది.

మాది శంషాబాదు చేరువనున్న పాల్మాకుల. 2008లో విమానాశ్రయము తెరచినది మొదలు లోకమంతయు మా తలలమీదుగా ప్రయాణము చేయుచునే యున్నది. మా అత్తమ్మగారు మాత్రము మల్లన్నను చూడవలెనని ఏండ్లతరబడి కోరుచు, తీరా బయలుదేరుదమన్నపుడు వెనుదీయుచుండిరి. కారణమడిగిన మోకాళ్లనొప్పి యనెడివారు. ఒకనాడు మేమిద్దరమే యున్నపుడు అసలుమాట చెప్పిరి.

"తొవ్వల నీళ్లు తాగితే దిగాల్సి వస్తది బిడ్డా. దిగితే ఆడిది యాడికి పోవాలె? అందుకే పొద్దుగాల సంది గుక్కెడు నీళ్లు ముట్టకుండ కూసునేదాన్ని. ఇప్పుడు పానం తట్టుకుంటలేదు."

సోదరీమణులారా, ఈ మాట వినబడని యిల్లు మనలో ఎన్ని యున్నవి? దాహమును బిగబట్టుకొని యాత్ర చేయుట మన స్త్రీలకు అలవాటైపోయినది. దానివలన తలతిరుగుట, మూత్రమున మంట, మలబద్ధము కలుగును. డెబ్బది యేండ్లు దాటినవారికి అది మరింత ప్రమాదకరము. ఎదిగిన ఆడపిల్లకు నెలసరి దినములలో పడు ఇక్కట్టును గూర్చి వేరుగ చెప్పనక్కరలేదు.

ఈ కారణముచేతనే మేము ఒక కారవానును అద్దెకు తీసికొంటిమి. కారవానన నింటివంటి మోటారుబండి. అందులో పడకలు, చిన్నపొయ్యి, నీళ్లతొట్టి, మరుగుదొడ్డి యమర్చియుందురు. ఇట్టి బండ్లు నిలుచుటకు విదేశములలో అడవుల చెంత ప్రత్యేకస్థలములు కలవు. మన దేశమున కేరళప్రభుత్వము 2021లో ఇట్టి ప్రయాణములకై ఒక విధానమును ప్రకటించినది. మా దారిలో అట్టిది లేదు గనుక మేమే వెదకుకొనవలసి వచ్చినది.

మజిలీ యెందుకనగా, మా యింటి మగవారి ఉద్యోగములు సాయంకాలమునకు గాని ముగియవు. తుక్కుగూడ వద్ద శ్రీశైలమార్గమున కెక్కి, కడ్తాలు, కల్వకుర్తి దాటి పోవుసరికి రాత్రియగును. మన్ననూరు దాటినపిమ్మట దారి నల్లమలలో అమ్రాబాదు పులుల అభయారణ్యము మీదుగా పోవును. అది 2,611 చదరపు కిలోమీటర్ల అడవి. రాత్రి 9 గంటలనుండి ఉదయము 6 గంటలవరకు అచ్చట వాహనములను పోనీయరు. ఆ వేళ అడవి అడవిజంతువులది. మనము ఇవతల నిలువవలసినదే.

మజిలీని పరీక్షించుట మనకు క్రొత్తకాదు. 1830లో చెన్నపట్టణమునుండి కాశీకి బయలుదేరిన ఏనుగుల వీరాస్వామయ్యగారు శ్రీశైలము మీదుగానే హైదరాబాదు చేరిరి. ఎచ్చట మంచినీళ్లున్నవి, ఎచ్చట అంగళ్లున్నవి, దిగుటకు చోటెట్లున్నదని దారిపొడుగునను తమ కాశీయాత్రచరిత్రలో వ్రాసియుంచిరి. కాలినడక పోయి మోటారుబండి వచ్చినను అడుగవలసిన ప్రశ్నలు మారలేదు.

మా ముందు మూడు చోట్లు నిలిచినవి. మొదటిది మా మరిది కోరినది, దిండి జలాశయపు ఒడ్డు. వెన్నెలలో నీళ్లు చూడ ముచ్చటే. కాని నేల యేటవాలు; బండి ఒరగినచో పొయ్యిమీది గిన్నె నిలువదు, పడకమీద మనిషికి నిద్రపట్టదు. వాన పడిన చక్రములు దిగబడును. పిలిచిన పలుకుటకు చెంత మనిషి లేడు. రెండవది రహదారి ప్రక్కనున్న యొక భోజనశాల వాకిలి. దీపములున్నవి, జనమున్నారు, లారీల చప్పుడును తెల్లవార్లు ఉన్నది. అచ్చటి స్త్రీల మరుగుదొడ్డికి గొళ్లెము లేదని మునుపు దిగిన పొరుగింటామె చెప్పినది. మూడవది హాజీపురము ప్రాంతమున ఒక రైతుకుటుంబమువారి మామిడితోట. చూచుటకు విశేషమేమియు లేదు.

నేను ఆ తోటవారికి ఫోను చేసి, ఇంటి ఇల్లాలితో మాట్లాడింపుడని కోరితిని. బోరునీళ్లు రాత్రియు వచ్చునా? మరుగుదొడ్డికి లోపలి గొళ్లెమున్నదా? అచ్చటికి పోవు దారిలో దీపమున్నదా? బండి మలినమును పోయుటకు సెప్టిక్ గుంట గలదా? రాత్రి మీరు తోటలోనే యుందురా? అన్నిటికిని ఆమె అవుననెను. "మా అత్త గూడ ఈడనే ఉంటది, భయం లేదక్కా," అని తానుగా మరియొకమాట చేర్చెను. ఆ మాటతో నా మనస్సు నిలిచినది.

మా మరిది నవ్వి, "అడవి చూడపోతూ గొళ్లెం గురించి అడుగుతరా వదినా? బండిల అన్నీ ఉన్నయి గద!" అనిరి. బండిలోని మరుగుదొడ్డి క్రింద 20 లీటర్ల డబ్బా యొకటే యున్నది; ఆరుగురము వాడిన ఒక్కదినమునకే నిండును. నిండినదానిని వాగులో పోయుదమా? ఆ నీటినే అడవిలోని మృగములు, పెంటలలో కాపురముండు చెంచులు త్రాగవలెను. మన అత్తమ్మ సుఖముకొరకు మరియొక తల్లి నీళ్లు చెరుపుట ధర్మము కాదు. ఈ మాట చెప్పగా మరిది మారుపలుకక తోటకే బండి త్రిప్పిరి.

చీకటిపడినంతట గిన్నెలు కడిగి, మిగిలిన యన్నమును మూతపెట్టి లోపల దాచితిమి. బయట తిండివాసన యున్న జంతువులు చేరును. నెగడు వేయవద్దంటిని. మాఘము దాటినది మొదలు నల్లమలలో ఆకులెండి రాలును, ఒక్క నిప్పురవ్వ చాలును. ప్లాస్టికు సంచులు, సీసాలు అడవిలో పారవేయక వెంటనే తెచ్చుకొనుటకు ఒక గోనెసంచిని వేరుగనుంచితిమి. పడుకొనబోవుముందు అత్తమ్మగారు తామే చెంబు చేతికి తీసికొని నిండుగా నీళ్లు త్రాగిరి. రాత్రి రెండుమారులు లేచి, దీపపు వెలుగున, ఎవరిని లేపక తిరిగివచ్చిరి. మరునాడు ఆరుగంటలకు ద్వారము తెరచినంతట అడవిలో ప్రవేశించితిమి. కిటికీ ప్రక్కన కూర్చుండి ఆమె కనబడిన ప్రతి చెట్టు పేరును మనుమరాలికి చెప్పుచుండ, ఇన్నియేండ్లు ఈమె దాహము ఎంత లోకమును ఈమెకు దూరముచేసినదో యనిపించినది.

కాబట్టి పాఠకసోదరీమణులకు నా మనవి యొకటే. మీ యింటివారు యాత్రకు మజిలీ వెదకునపుడు, అచ్చటి అందమును వారినే చూడనిండు. నీళ్లు, దీపము, గొళ్లెము, మురికి పోవుచోటు, పిలిచిన పలుకు ఆడుదిక్కు, ఈ అయిదింటిని మీరు చూడుడు. సిగ్గుపడి అడుగక మానవలదు. ఇంటిలో పెద్దామె నిర్భయముగా కడుపునిండ నీళ్లు త్రాగగల చోటు అందరికిని మంచిచోటే యగును.