పులి గోరు ఎవరికి గుచ్చుకోవాలి?

ఆరేళ్ల మా మనవరాలు స్కూల్లో పులి వేషం వేయాలి. హైదరాబాద్‌లో ఇలాంటి వేషాలు అద్దెకిచ్చే దుకాణాలకు కొదవ లేదు. మా అమ్మాయి ఒకటి తెచ్చింది. చారల చొక్కా, తోక, ముఖానికి తొడుగు అన్నీ బాగానే ఉన్నాయి. పంజాలే బాగోలేదు. చేతి తొడుగుల మీద నల్ల ప్లాస్టిక్ గోళ్లు అతికించారు. ఒక చేతికి నాలుగుంటే, రెండో చేతికి మూడే మిగిలాయి. వేలితో తడిమి చూస్తే కొసలు సూదుల్లా ఉన్నాయి. ‘‘తాతయ్యా, నీ దగ్గర నిజం పులి గోరు ఉందట కదా, అది పెట్టు’’ అంది మనవరాలు. ఆ మాటతో రెండు పాత సంగతులు ఒకేసారి ముందుకొచ్చాయి.

మాది విజయనగరం. దసరా వెళ్లాక వచ్చే మంగళవారం పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవం. ఆ రోజుల్లో మా వీధిలోంచి డప్పుల మోతతో పులులు వచ్చేవి. ఒళ్లంతా పసుపు రంగు, నల్ల చారలు, వెనక కర్రతో నిలబెట్టిన తోక. మిగతా పులులు వట్టి చేతులకు రంగు పూసుకుంటే, మా పక్కింటి బాబాయి పులికి మాత్రం గోళ్లుండేవి. వరసకు బాబాయి, వృత్తికి వడ్రంగి. ఆయన గోళ్లు కొబ్బరి చిప్పతో చేసేవాడు. చిప్పకు సహజంగానే వంపు ఉంటుంది కాబట్టి గోరుకు విడిగా వంపు తేవాల్సిన పని లేదు. రంపపు బ్లేడుతో కోసి, గరుకు రాయి మీద అరగదీసి, కాల్చిన మేకుతో మొదట్లో రెండు కన్నాలు పెట్టేవాడు. చివరికి కొబ్బరి నూనె రాసి గుడ్డతో రుద్దితే నిగనిగలాడేవి. కొస మాత్రం ఎప్పుడూ గుండ్రంగానే ఉండేది. అదెందుకో నాకు అప్పట్లో తెలియలేదు.

1974లో నాకు పదకొండేళ్లు. కొబ్బరి చిప్ప అరగదీసే ఓపిక లేక డాల్డా డబ్బా రేకును గోళ్లుగా కత్తిరించాను. నాన్న పాత మేజోళ్లకు వాటిని గుచ్చి పులినయ్యాను. మా తమ్ముడికి అప్పుడు ఏడేళ్లు. వాడు మేకపిల్ల. పులి ఒక్క దూకు దూకింది. మేకపిల్ల కుడి కనుబొమ చీలి, నెత్తురు చెంప మీదుగా కారింది. ఆసుపత్రిలో మూడు కుట్లు వేశారు. ఇంకో అరంగుళం కిందికి తగిలుంటే కన్ను పోయేదన్నారు. నాన్న చేతి దెబ్బలు ఇప్పుడు గుర్తు లేవు. గుర్తున్నది బాబాయి మాటే. ఆ సాయంత్రం వచ్చి రేకు గోళ్లు తిప్పి తిప్పి చూసి, ‘‘ఏటిరా ఇది? పులేషం సూడ్డానికొచ్చేది పిల్లలురా. బయం ఆళ్ల కంటికి తగలాల గానీ గోరు తగలకూడదు’’ అన్నాడు. వెళ్తూ వెళ్తూ మరో మాట అన్నాడు: ‘‘పులి గోళ్లు సూపించుకుంటా తిరగదురా, దాసుకుంటాది.’’

అది వట్టి మాట కాదని చాలా ఏళ్ల తర్వాత తెలిసింది. నల్లమలలో ఫరహాబాద్ వెళ్లినప్పుడు గైడు దారి మట్టిలో పులి అడుగు చూపించాడు. మెత్తటి అరికాలి గుర్తు, నాలుగు వేళ్ల గుర్తులు. గోరు జాడే లేదు. పులి నడిచేటప్పుడు గోళ్లను లోపలికి ముడుచుకుంటుంది కాబట్టి వాటి పదును అరిగిపోదు. పట్టుకోవాల్సినప్పుడు, చెట్టు గీరేటప్పుడు మాత్రమే బయటికి తీస్తుంది. కుక్క అడుగులో అయితే గోటి గుర్తులు కనిపిస్తాయి. వేషం కట్టేవాళ్లు ఏ జంతువుకు ఏ గోరు అని ఎంచుకునేటప్పుడు ముందు చూడాల్సింది ఇదే. ఎలుగుబంటికి పొడుగాటి గోళ్లు ఎప్పుడూ బయటే ఉండాలి. పులికి పొట్టిగా, సగం వెంట్రుకల్లో దాగి ఉండాలి. పులికి ముందు కాలికి ఐదేసి, వెనక కాలికి నాలుగేసి, మొత్తం 18 గోళ్లు. ముందు కాలి ఐదో గోరు మన బొటనవేలిలా కాస్త పైన, లోపలి వైపు ఉంటుంది. రంగు కూడా చాలామంది వేసే నలుపు కాదు, కొమ్ము ముక్కలా పాలిపోయిన పసుపు.

మనవరాలి కోసం ఈసారి నేనే కూర్చున్నాను. ముందు కొబ్బరి చిప్ప అనుకున్నాను. కానీ స్టేజీ మీద పాతికమంది పిల్లలు, ఎవరి చెయ్యి ఎవరికి తగులుతుందో చెప్పలేం. ఇంట్లో గొట్టాలకు వాడే ఎం-సీల్‌తో చక్కటి ఆకారం వస్తుంది. అయితే ఆరితే రాయిలా గట్టిపడుతుంది, పైగా బరువు. చివరికి పాత హవాయి చెప్పు తీశాను. చిన్నప్పుడు వీటితోనే బండి చక్రాలు కోసుకున్నాం. బ్లేడుకు తెగుతుంది, గరుకు కాగితానికి అరుగుతుంది, తగిలితే వంగిపోతుంది. పది గోళ్లు కోయడానికి ఒక పూట పట్టింది.

అతికించడంలో దుకాణం వాళ్లు చేసిన తప్పు అప్పుడు అర్థమైంది. గుడ్డ సాగుతుంది, ముడుచుకుంటుంది. పైన జిగురుతో అంటించింది నిలవదు. గోరు మొదలును వెడల్పుగా, గుండీలా వదిలేయాలి. తొడుగులో చిన్న చీలిక పెట్టి లోపలి నుంచి బయటికి దూర్చాలి. ఆ వెడల్పు భాగం లోపలే ఉండిపోతుంది. దాని చుట్టూ దారంతో కుడితే ఇక లాగినా ఊడదు. ఇంకో సంగతి, గోరును వేలి కొసన కాకుండా కాస్త వెనక, పైవైపు కుట్టాలి. అప్పుడు పిల్ల చేత్తో నీళ్ల సీసా అయినా పట్టుకోగలదు. చుట్టూ ఉన్ని పోగులు కుట్టేసరికి గోళ్లు సగం మునిగి, అచ్చం దాచుకున్నట్టే ఉన్నాయి.

పంజాలు అయ్యాయి. నిజం గోరు సంగతి మిగిలింది. మా నాయనమ్మ నాకు పుట్టుజుట్టు తీయించిన రోజున మెడలో కట్టిన పులిగోరు అది. బంగారు పట్టు వేయించి నల్లతాడుకు గుచ్చింది. జడుపు చేయకుండా ఉంటుందని నమ్మకం. నా తర్వాత తమ్ముడి మెడలోకి వెళ్లింది. కనుబొమ చీలిన రోజున కూడా వాడి మెడలో అదే ఉంది. అమ్మ పోయేముందు దాన్ని నా చేతిలో పెట్టింది. అప్పటినుంచి బ్యాంకు లాకర్లో ఉంది.

అదొక జ్ఞాపకం అని మాత్రమే అనుకునేవాణ్ని. 2023 అక్టోబరులో బెంగళూరులో టీవీ షోలో పాల్గొంటున్న వ్యక్తిని మెడలో పులిగోరు ఉన్నందుకు అటవీ అధికారులు అరెస్టు చేశారు. ఆ వార్త చదివాక లాయరు మిత్రుణ్ని అడిగాను. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం యాజమాన్య ధ్రువపత్రం లేకుండా అలాంటిది దగ్గర ఉంచుకోవడమే నేరం. మూడు నుంచి ఏడేళ్ల దాకా జైలు, తక్కువలో తక్కువ 25 వేల రూపాయల జరిమానా. తాతల నాటిదన్న మాట చెల్లదు. పాత వస్తువులను ప్రకటించుకోవడానికి 2003లో 180 రోజుల గడువు ఇచ్చారు. అది మా ఇంట్లో ఎవరికీ తెలియకుండానే దాటిపోయింది. బజారులో దొరికే ‘పులిగోళ్ల’లో చాలావరకు పశువుల కొమ్ముతో చెక్కినవేనని కూడా మిత్రుడు చెప్పాడు. మాది ఏదైనా సరే, తేల్చాల్సింది నేను కాదు, ఇచ్చేయడమే దారి అన్నాడు.

నిజంగా భయపెట్టింది శిక్ష కాదు, ఒక చిన్న లెక్క. ఒక పులికి 18 గోళ్లు. అంటే పద్దెనిమిది మంది పిల్లల మెడల కోసం ఒక పులి. 2022 గణనలో దేశం మొత్తమ్మీద పులులు 3,682 అని అంచనా వేశారు. మా ఊళ్లో మెడలో పులిగోరు లేని పిల్లలను వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. వాటిలో పదో వంతు నిజమైనవైనా ఎన్ని పులుల ఉసురో!

తమ్ముడికి ఫోన్ చేశాను. వాడు ఒప్పుకోలేదు. ‘‘నాయనమ్మ గుర్తు అన్నయ్యా. లాకర్లో ఎవరు చూస్తారు? మన తర్వాత పిల్లలు చూసుకుంటారు’’ అన్నాడు. ఆ చివరి మాట దగ్గరే నేను ఆగిపోయాను. మన తర్వాత లాకరు తెరిచేది మా అమ్మాయి. తనకు తెలియని నేరానికి తను జవాబు చెప్పాలి. అదే మాట వాడితో అన్నాను. నాలుగు రోజులు మళ్లీ మాట్లాడుకోలేదు. ఐదో రోజు వాడే ఫోన్ చేశాడు. ‘‘నా పుట్టినరోజు ఫొటోలో మెడలో స్పష్టంగా కనిపిస్తుంది. అది పెద్దది చేయించి నాకొకటి పంపు. నేనూ వస్తాను, ఇద్దరం కలిసి ఇద్దాం’’ అన్నాడు.

మిత్రుడు రాసిచ్చిన ఉత్తరంతో అటవీ శాఖ కార్యాలయానికి వెళ్లాం. బంగారు పట్టుతో సహా అప్పగించి రసీదు తీసుకున్నాం. చెట్టంత మనుషులం, బయటికొచ్చాక చాలాసేపు ఏమీ మాట్లాడుకోలేదు. వాడు కనుబొమ మీది మచ్చను వేలితో రుద్దుకుంటూ, ‘‘ఇది మాత్రం ఎవరికీ అప్పగించక్కర్లేదు కదా’’ అని నవ్వాడు.

ఆ వారమే స్కూల్లో కార్యక్రమం. తమ్ముడు ముందు వరసలో నా పక్కనే కూర్చున్నాడు. మనవరాలికి బాబాయి మాట ముందే చెప్పి ఉంచాను. పాట నడిచినంతసేపూ పిడికిళ్లు బిగించి, అడుగులో అడుగు వేసుకుంటూ తిరిగింది. చివరి దెబ్బకు రెండు చేతులూ చాచి పది గోళ్లూ విప్పింది. మా వెనక వరసలో ఓ చిన్నపిల్లాడు కెవ్వుమని వాళ్లమ్మ ఒళ్లోకి దూరాడు. మరుక్షణం తల బయటపెట్టి మళ్లీ చూశాడు.