ఫోనులో పడిన డబ్బు

1923లో బందరులో భోగరాజు పట్టాభి సీతారామయ్యగారు పెట్టిన ఆంధ్రా బ్యాంకు 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంకులో కలిసిపోయింది. బోర్డు మారినా దివిసీమలో మేం పాత పేరే అంటాం.

మా యానాదులకు ఏ బ్యాంకుకు పోయినా ఆ రోజు వేట పోయినట్టే. విత్‌డ్రా ఫారం రాసిపెట్టమని ఎవరినో ఒకరిని బతిమాలాలి. అందుకే డబ్బు ఫోనులోకే వస్తుందంటే సంబరపడ్డాం.

ఇప్పుడు పీతలు కొనేవాళ్ళు నోటు తియ్యరు, ఫోనులో వేస్తామంటారు. మా కాలనీలో పెద్ద ఫోన్లు ఉన్నది కుర్రాళ్ళ దగ్గర. మడచెట్ల కింద బురదలో చెయ్యిపెట్టి పీతను పట్టేది తల్లి, డబ్బు పడ్డట్టు మోగేది కొడుకు జేబు. బియ్యం కొనాలన్నా "ఎంత పడిందిరా అయ్యా?" అని వాణ్ణే అడగాలి.

తన ఖాతా తనే చూసుకోవాలంటే ఖాతాకు కలిపిన నంబరు ఆమె చేతిలో ఉండాలి. రీఛార్జికి డబ్బుల్లేక సిమ్ములు వదిలేస్తుంటాం. వదిలేసిన నంబరును కంపెనీవాళ్ళు కొన్నాళ్ళకు ఇంకొకరికి ఇచ్చేస్తారు. ఇక ఓటీపీ ఎవరికి పోతుందో చెప్పక్కర్లేదు. కొత్త నంబరు కలపాలంటే మళ్ళీ బ్యాంకు మెట్లెక్కాల్సిందే. వేలిముద్ర వెయ్యమంటారు. ఉప్పునీళ్ళలో అరిగిపోయిన వేళ్ళను మిషను పట్టదు.

ఈమధ్య మా ఆడవాళ్ళు కొందరు పీతలు తూకానికి పెట్టకముందే తేల్చేసుకుంటున్నారు: సగం ఫోనులో వెయ్యి, సగం చేతిలో పెట్టు.