పట్ట కింద బండి



నేను చదివింది తమిళ మీడియం. ఇంట్లో తెలుగు మాటే గానీ, అక్షరాలు మాత్రం ఉద్యోగంలో చేరినాక హిందూపురం స్టేషన్ బోర్డు చూసి కూడబలుక్కున్నవి. ఒత్తులు, దీర్ఘాలు తప్పితే సర్దుకొని చదవండి.

పోయిన ఆదివారం మన సభ్యుడొకాయన అడిగినాడు: "ఈ చలికి బండి తుప్పు పడతా ఉంది, రెండు నెలలు ఊర్లో ఉండను, ఎట్లా పెట్టి పోవాలి?" అని. ఎట్లా పెట్టకూడదో నాకు బాగా తెలుసు. అదే ముందు చెబుతాను.

మా అబ్బాయికి కాలేజీ రోజుల్లో స్ప్లెండర్ కొనిచ్చినాను. చివరి ఆరు కంతులు వాడే తన జీతంతో కట్టుకున్నాడు. 2021లో కెనడాకు పోతూ తాళం నా చేతిలో పెట్టి, "వారానికొకసారి తిప్పు నాన్నా. తిప్పలేకపోతే ట్యాంకు నిండుగా పోసి పెట్టు" అన్నాడు.

నేను పార్సిల్ ఆఫీసులో ఏళ్ళ తరబడి కూర్చున్నవాణ్ణి. బండిని రైల్లో వేయాలంటే పెట్రోలు చుక్క లేకుండా తీసేయాలి, గడ్డి పెట్టి గోతం చుట్టి దబ్బనంతో కుట్టాలి. ఎన్ని బండ్లకు రసీదు రాసినానో లెక్క లేదు. బండిని భద్రం చేసేది వీడా నాకు చెప్పేది అనుకున్నాను. పెట్రోలంతా పిండి నా మోపెడ్‌లో పోసుకున్నాను. గోతాలు దొరకలేదు. పక్క తోటాయన ఎరువు సంచులు విప్పి కుట్టిన పట్ట ఒకటి ఇచ్చినాడు. తొండేభావి చుట్టుపక్కల రాగులు ఆరబోయాలన్నా, గడ్డివామి కప్పాలన్నా ఆ పట్టలే కదా. పెరట్లో మట్టి నేల మీద బండి నిలబెట్టి, పట్ట కప్పి, తాడుతో బిగించి కట్టినాను. చూసేదానికి అచ్చం పార్సిల్ మాదిరి ఉండింది. వాడు ఫోన్‌లో "బండి ఎట్లుంది?" అంటే "భద్రంగా ఉంది" అనేవాణ్ణి. అబద్ధం కూడా కాదు, నేను నమ్మిందే చెప్పినాను.

2023 డిసెంబరులో వాడు వచ్చినాడు. కాఫీ కూడా తాగకుండా నేరుగా పెరట్లోకి పోయి తాడు విప్పినాడు. రిమ్ములు గోధుమరంగు. చైను కర్ర మాదిరి బిగుసుకొని ఉంది. ట్యాంకు మూత తీసి ఫోన్ లైటు వేసి చూస్తే లోపలంతా ఎర్రమన్ను పూసినట్టు ఉంది. వాడు నన్నేమీ అనలేదు. మూత పెట్టి, "నువ్వు తిప్పుతా ఉన్నావనుకొని అక్కడ నేను సంతోషపడతా ఉన్నా నాన్నా" అని లోపలికి పోయినాడు. తిట్టినా బాగుండేది.

ఎందుకట్లయిందో ఆ సెలవుల్లో ఇద్దరం కూర్చొని తేల్చుకున్నాం. ప్లాస్టిక్ పట్టకు గాలి ఆడదు. పగలు ఎండకు నేలలోని తడి ఆవిరై పట్ట కింద నిలుస్తుంది. రాత్రి ఇనుము చల్లబడినాక ఆ ఆవిరి దాని మీదే నీళ్ళు కడుతుంది. బయట ధనుర్మాసం మంచు పొద్దున ఎండకు ఆరిపోతుంది, పట్ట కింద మాత్రం ఆరదు. ఖాళీ ట్యాంకు లోపల కూడా ఇదే కథ. పెట్రోలు లేనిచోట గాలి ఉంటుంది, గాలిలో తడి ఉంటుంది. రైల్లో రెండు మూడు రోజుల ప్రయాణానికి ఖాళీ చేసేది నిప్పు భయంతో. దాన్ని నేను రెండేళ్ళ కాపుదలకు వాడుకున్నాను!

ఇంకొకటి వాడు చెప్పినాడు. కెనడాలో రోడ్ల మీద మంచుగడ్డ కరిగేదానికి ఉప్పు చల్లుతారంట, బండ్ల అడుగుభాగాలు దానికే తినుకుపోతాయి. మన దగ్గర ఆ బాధ లేదు కదా అన్నాను. వాడు పట్ట మీది అచ్చు చూపించినాడు, పొటాష్. మనం చేలకు వేసే పొటాష్ కూడా ఉప్పు జాతిదే, అదీ క్లోరైడే. ఎరువు మూట బండి వెనక వేసుకొని వచ్చి కడగకుండా పెట్టేవాళ్ళు ఈ మాట గుర్తు పెట్టుకోండి.

ఇప్పుడు నేను చేసేది చెబుతాను. ఇంజను చల్లారినాక కడుగుతాను. బట్టల సోడా పొడి వద్దు, ఒక ప్యాకెట్ తల షాంపూ చాలు. మన బోరు నీళ్ళు ఎంత గట్టివో బిందె అడుగు చూస్తే తెలుస్తుంది కదా, ఆరితే తెల్లమచ్చ నిలిచిపోతుంది, అందుకే వెంటనే పాత పంచెతో తుడుస్తాను. ఫిల్టరు దగ్గర వదిలేసే నీళ్ళు ఉచితమని కొందరు వాటితో కడుగుతారు. ఉప్పంతా చేరేది ఆ వదిలేసిన నీళ్ళలోనే, వాటి జోలికి పోకండి. కడిగినాక నాలుగైదు కిలోమీటర్లు తిప్పాలి, సందుల్లో తడి పోవాలి. వీధి చివర అంగడి దాకా పోయి వచ్చి ఆపేస్తే లాభం లేదు. లీటరు పెట్రోలు కాలితే దాదాపు లీటరు నీళ్ళు పుడతాయి. సైలెన్సరు బాగా వేడెక్కకపోతే ఆవిరి బయటికి పోక లోపలే నీళ్ళయి నిలుస్తుంది, లోపలినుంచే తింటుంది.

చైనుకు కిరసనాయిలు, పాత పళ్ళ బ్రష్షు, ఆరినాక 90 నంబరు గేరు ఆయిలు. ఇంజను ఆపి, చక్రం చేత్తో తిప్పుతూ వేయండి. నడుస్తున్న చైనుకు గుడ్డ పెట్టవద్దు, వేళ్ళు పోతాయి. రిమ్ము మీది సన్న తుప్పుకు అల్యూమినియం రేకు కాగితం తడిపి రుద్దితే వస్తుంది. తర్వాత వ్యాజిలైన్ పల్చగా. బ్రేకుకు, టైరుకు మాత్రం తగలనీయవద్దు. మా ఇంటామె కొబ్బరినూనె రాయమంది. ఈ చలికి అది గడ్డకట్టి, దుమ్మంతా పట్టుకొని బండికి పిండి పూసినట్టయింది. ఆమెకు చెప్పలేదు, ఇది చదివితే తెలుస్తుంది.

ఊరికి పోయేవాళ్ళు ట్యాంకు నింపి, బ్యాటరీ నెగటివ్ వైరు విప్పి, సిమెంటు నేల మీద నూలు దుప్పటి గానీ గోతం గానీ వదులుగా కప్పండి. 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు 2023 ఫిబ్రవరిలో మన బెంగళూరులోనే మొదలైంది. ఇథనాల్ తడిని లాగుతుంది, కాబట్టి నింపి నెలలకొద్దీ మరిచిపోవద్దు. పక్కింటి పిల్లోడికైనా తాళం ఇచ్చి పోండి. పాత జనపనార గోతాలు ఎవరి దగ్గరైనా ఉంటే నాకూ రెండు కావాలి.

గౌరిబిదనూరు మెకానిక్ ట్యాంకు కడిగి, చైను మార్చి ఇచ్చినాడు. అబ్బాయి పోయేముందు వాడే ఒక రౌండు నడిపి తాళం మళ్ళీ నాకే ఇచ్చినాడు. ఆదివారం పొద్దున ఎండ వచ్చినాక మాకళిదుర్గం దాకా పోయి వస్తాను. మీటరు ఫోటో తీసి వాడికి పంపుతాను. పోయిన వారం నాకు జలుబు చేసి పోలేదు. సోమవారం తెల్లారేసరికి ఫోన్ మోగింది. "మీటరు ఏది నాన్నా?"