విలాసము తెలియని సంఖ్యలు

అమెరికా దేశమున కాన్సాస్ రాష్ట్రములో పాట్విన్ అను చిన్న ఊరు కలదు. దాని సమీపమున, పొలముల నడుమ, ఒక ఒంటరి ఇల్లు. ఆ యింటికి కొన్ని యేండ్లపాటు పిలువని అతిథులు వచ్చుచుండిరి. ఒకనాడు పోలీసులు, ఒకనాడు పన్నుల అధికారులు, ఒకనాడు ఆపదలో నున్నవారిని వెదకుచు ఆంబులెన్సులు! మోసగాండ్రు మీరేయని ముక్కు మొగము తెలియనివారు నిందించిరి. ఇంటివారు ఏ పాపము నెరుగరు.

అంతర్జాలముతో నేర్పడు ప్రతి సంబంధమునకును ఐపీ సంఖ్య యొకటి యుండును. అది పిన్‌కోడు వంటిదని పలువురు తలంతురు, అది పొరపాటు. పిన్‌కోడు నేలను బట్టి పుట్టినది. ఐపీ సంఖ్యలనో, కంపెనీలు మూటలు మూటలుగా పొంది తమ ఖాతాదారులకు పంచిపెట్టును. ఏ మూట ఏ నగరమున వాడుకలో నున్నదో కొన్ని సంస్థలు ఊహించి పట్టికలు వ్రాయును. వానిలో దేశము సాధారణముగా సరిపోవును. నగరము ఒక్కొక్కప్పుడు తప్పును. ఇంటి గుమ్మమును చూపుట వాని తరము కాదు.

దేశము తప్ప మరేమియు తెలియని సంఖ్యలకు ఒక సంస్థ అమెరికా నడిబొడ్డును విలాసముగా వ్రాసినది. ఆ కేంద్రము సుమారు 39 డిగ్రీల 50 నిమిషముల ఉత్తర అక్షాంశము, 98 డిగ్రీల 35 నిమిషముల పశ్చిమ రేఖాంశము. సులువుగా నుండునని 38, 97 అని వేసిరి. ఆ గుండ్రని అంకెలు పోయి పోయి ఆ పొలమునందలి యింటి ముంగిట పడినవి! 60 కోట్లకు పైగా సంఖ్యలకు ఆ ముంగిలియే చిరునామా అయినది. "తెలియదు" అని వ్రాయుటకు బదులు ఏదో యొక చోటు చూపిన ఫలమిది. 2016లో ఒక పత్రికా రచయిత్రి ఈ సంగతి బయటపెట్టగా, సంస్థవారు ఆ గుర్తును విచిటా నగరమునకు పడమరనున్న జలాశయములోనికి మార్చిరి. చేపల తలుపు తట్టువారెవరును లేరు గదా!

వైఫై మార్గము ఇంతకంటె నిశితమైనది. ఇంటిలోని రూటరు సెకనుకు సుమారు పదిమారులు తన గుర్తు సంఖ్యను చాటుచుండును. పాస్‌వర్డు తెలియని పరికరమునకును ఆ చాటింపు వినబడును. ఉపగ్రహముల వలన తానున్న చోటు నెరిగిన సెల్‌ఫోను వీధిన పోవుచు, "ఈ రూటరు ఇచ్చట వినబడినది" అని పెద్ద కంపెనీల పట్టికకు చేరవేయును. పిమ్మట, ఉపగ్రహముల మాట వినలేని కంప్యూటరు తన చుట్టు నున్న నాలుగైదు రూటర్ల సంఖ్యలను విన్నవించినచో, ఆ పట్టిక దాని స్థలమును కొన్ని పదుల గజముల తేడాతో తేల్చి చెప్పును. పొరుగువాని రూటరు, అతనికి తెలియకయే, కొండగుర్తు అగుచున్నది.

ఒక కుటుంబము ఊరు మారి రూటరును వెంట గొనిపోయినదనుకొందము. చుట్టుపట్ల వేరొక రూటరు లేని చోట, పట్టిక దిద్దబడు వరకు, వారి కంప్యూటరు తాము విడిచి వచ్చిన వీధినే చూపుచుండును.